లేటెక్ టెంప్లేట్ మారగానే బొమ్మల సైజులు ఎందుకు తప్పుతాయి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. కమాండ్‌లతో పత్రాలు తయారుచేసే లేటెక్‌లో, యూనివర్సిటీ ఇచ్చిన థీసిస్ టెంప్లేట్‌లో అధ్యాయాలు రాశారు, బొమ్మలన్నిటికీ స్కేల్ 0.5 ఇచ్చారు. చాలావరకు కుదిరాయి, ఒకటి రెండు మాత్రం కుడి మార్జిన్ దాటి పేజీ బయటికి పోయాయి, వాటికి స్కేల్ బదులు వెడల్పు ఇచ్చి నెట్టుకొచ్చారు. అదే అధ్యాయాన్ని ఇంజినీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ వాళ్ల రెండు కాలమ్‌ల టెంప్లేట్‌లోకి మార్చితే బొమ్మలు పక్క కాలమ్ మీదికి ఎక్కాయి. మధ్యలో గణాంకాలకు వాడే ఆర్ భాష కోడ్ కోసం స్వీవ్ అనే ప్యాకేజీ కలిపారు, ఆ రోజు నుంచి కవర్ పేజీ మీద లోగో ఉబ్బి కూర్చుంది. స్కేల్ ఎంత తగ్గించినా అది కదలడం లేదు. "0.5ని 0.37 చేయాలా, 0.42 చేయాలా అని మూడు రోజులుగా కుస్తీ పడుతున్నాను" అన్నారు.

ఆ కుస్తీ ఇక్కడితో ఆపేయండి. మీవి మూడూ ఒకేలా కనిపిస్తున్నాయి గానీ మూడింటికీ కారణాలు వేరు. అంకె మార్చి చూడటం వల్ల ఒక్కటి కూడా నయం కాదు, ఈ టెంప్లేట్‌లో సరిపోయిన అంకె ఇంకో టెంప్లేట్‌లో మళ్లీ తప్పుతుంది. ముందు కొలవాలి.

ఒక మాట. కమాండ్‌ల పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీ ఫైల్లో ఎలాగూ ఉన్నవే కాబట్టి పోల్చుకోగలరు. వాటి ముందు బ్యాక్‌స్లాష్ ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు.

మొదట స్కేల్ సంగతి. స్కేల్ 0.5 అంటే "పేజీలో సగం" అని చాలామంది అనుకుంటారు. కాదు, బొమ్మ సొంత సైజులో సగం. బొమ్మకు సొంత సైజు అంటే ఏంటి? పిక్సెల్స్‌ని డీపీఐతో, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్న లెక్కతో, భాగిస్తే వచ్చే అంగుళాలు. డీపీఐ ఎంతో ఫైల్లో రాసి ఉంటే, లేటెక్ ఫైల్‌ని పీడీఎఫ్‌గా మార్చే పీడీఎఫ్‌లేటెక్ దాన్నే తీసుకుంటుంది, లేకపోతే 72 అనుకుంటుంది. మీకు కొంప ముంచింది ఇదే.

మీ బొమ్మల్లాంటివే రెండు తీసుకుందాం. ఒకటి పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీసిన గ్రాఫ్. దాని డిఫాల్ట్ సైజు 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తు. 300 డీపీఐతో పీఎన్‌జీగా సేవ్ చేస్తే 1920 పిక్సెల్స్ వెడల్పు వస్తుంది, డీపీఐ 300 అని ఫైల్లో కూడా రాస్తుంది. లేటెక్ దాన్ని 6.4 అంగుళాల బొమ్మగా చూస్తుంది, స్కేల్ 0.5 ఇస్తే 3.2 అంగుళాలు. చక్కగా కుదురుతుంది. రెండోది ఒక స్క్రీన్‌షాట్, 1600 పిక్సెల్స్ వెడల్పు, డీపీఐ సమాచారం లేదు. 1600ని 72తో భాగించండి, 22 అంగుళాలు దాటుతుంది. స్కేల్ 0.5 ఇచ్చినా 11 అంగుళాలు. ఎ4 కాగితం వెడల్పే 8.27 అంగుళాలు! పిక్సెల్స్ తక్కువున్న బొమ్మ కాగితం మీద మూడింతలు పెద్దదిగా వస్తోంది. ఇది తెలియనంతకాలం లేటెక్ మన మీద పగబట్టినట్టే ఉంటుంది. వాట్సాప్‌లో అటూ ఇటూ పంపుకున్న బొమ్మల్లో డీపీఐ ఎగిరిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, ల్యాబ్ గ్రూపులోంచి దింపుకున్నవాటిని ముందుగా అనుమానించండి.

కొలవడం ఎలా అంటే, ఆ బొమ్మ దగ్గర ఆప్షన్లన్నీ తీసేసి బొమ్మను పెట్టే ఇంక్లూడ్‌గ్రాఫిక్స్ కమాండ్ మాత్రం వట్టిగా ఉంచి ఒకసారి కంపైల్ చేయండి. తర్వాత కంపైల్ వివరాలు రాసి ఉండే లాగ్ ఫైల్ తెరిచి బొమ్మ ఫైల్ పేరు వెతకండి. పీడీఎఫ్‌లేటెక్ అయితే ఆ పేరు కింద "రిక్వెస్టెడ్ సైజ్" అని ఒక లైను ఉంటుంది, పక్కనే వెడల్పు, ఎత్తు పాయింట్లలో ఉంటాయి. పై స్క్రీన్‌షాట్‌కి అక్కడ దాదాపు 1606 పాయింట్లు కనిపిస్తుంది, గ్రాఫ్‌కి 462 చిల్లర. లేటెక్ పాయింట్లు అంగుళానికి 72.27 లెక్కన వేసుకోండి. తెలుగులో థీసిస్ రాసేవాళ్లు చాలామంది తెలుగు ఫాంట్లు నేరుగా వాడనిచ్చే జీలేటెక్ వాడతారు, దాని లాగ్‌లో ఈ లైను కోసం వెతక్కండి. బొమ్మను ఒక బాక్సులో పెట్టి, బాక్సు వెడల్పును టైప్‌అవుట్‌తో స్క్రీన్ మీద రాయించుకోండి, అదే లెక్క తేలుతుంది.

ఇది బొమ్మ కొలత. ఇక టెంప్లేట్ కొలత. డాక్యుమెంట్ మధ్యలో ఎక్కడైనా "ద" కమాండ్ పెట్టి పక్కన టెక్స్ట్‌విడ్త్ (పేజీలో అక్షరాలు పట్టే వెడల్పు) అని రాస్తే ఆ అంకె పేజీ మీదే పడుతుంది. ఆర్టికల్ క్లాసులో 10 పాయింట్ల అక్షరాలకు 345 పాయింట్లు వస్తుంది, అంటే 4.77 అంగుళాలు. 12 పాయింట్లకు 390. బైండింగ్ కోసం ఎడమ ఒకటిన్నర అంగుళం, కుడి ఒక అంగుళం వదిలే థీసిస్ టెంప్లేట్ అయితే ఎ4 మీద 5.77 అంగుళాలు మిగులుతుంది, సుమారు 417 పాయింట్లు. ఐట్రిపుల్‌ఈ కాన్ఫరెన్స్ టెంప్లేట్‌లో పేజీ మొత్తం 516 పాయింట్లు, ఒక్కో కాలమ్ 252, మధ్యలో సందు 12. లేటెక్‌తో స్లయిడ్లు చేసే బీమర్‌లో స్లయిడ్ మరీ చిన్నది, మామూలు సైజు 128 మిల్లీమీటర్లే. ఎ4 కోసం గీసినది అందులో పట్టలేదని కంగారుపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు మీ రెండో జబ్బు ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. థీసిస్‌లో స్కేల్ పనిచేయని చోట విడ్త్ ఈక్వల్ టు టెక్స్ట్‌విడ్త్ అని పెట్టి సరిచేశారు, అదే లైను రెండు కాలమ్‌ల టెంప్లేట్‌లోకి వెళ్లింది. అక్కడ టెక్స్ట్‌విడ్త్ అంటే కాలమ్ వెడల్పు కాదు, రెండు కాలమ్‌లూ కలిపిన పేజీ వెడల్పు. 252 పాయింట్ల చోట 516 పాయింట్ల బొమ్మ పెడితే పక్క కాలమ్ మీదికి ఎక్కక ఏం చేస్తుంది? లాగ్‌లో "ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్, 264 పాయింట్స్ టూ వైడ్" అని హెచ్చరిక ఉండే ఉంటుంది, చూడండి. ఆ హెచ్చరికలో అంకె ఊరికే ఇవ్వరు. 516లోంచి 252 తీసేస్తే 264, తప్పు ఎక్కడ జరిగిందో ఆ తీసివేతే చెబుతుంది. నేను పేజీ చూడకముందే ఆ అంకె చూస్తాను.

దీనికి మందు లైన్‌విడ్త్. టెక్స్ట్‌విడ్త్ పేజీకి సంబంధించినది, కాలమ్‌విడ్త్ కాలమ్‌కి, లైన్‌విడ్త్ మాత్రం మీరు ఆ క్షణంలో నిలబడ్డ చోటికి. మామూలు ఫిగర్‌లో ఒక కాలమ్ అంత, స్టార్ పెట్టిన ఫిగర్‌లో పేజీ అంత, మినీపేజ్‌లో (పేజీలో పెట్టే చిన్న పేజీ లాంటి డబ్బా) ఆ మినీపేజ్ అంత, ఐటమైజ్ జాబితాలో అయితే జరిపిన మేరకు తగ్గి వస్తుంది. ల్యాండ్‌స్కేప్ పేజీలో కూడా టెక్స్ట్‌విడ్త్ పాత నిలువు పేజీదే చెబుతుంది, లైన్‌విడ్త్ తిప్పిన పేజీది చెబుతుంది. అందుకే నా ఫైళ్లలో టెక్స్ట్‌విడ్త్ అని దాదాపు రాయను. ఒక్క చోట జాగ్రత్త, టేబుల్‌లో సి, ఎల్ లాంటి కాలమ్‌లకు ముందే వెడల్పు ఉండదు కాబట్టి అక్కడ లైన్‌విడ్త్ మారదు, బయటి వెడల్పునే ఇస్తుంది. పి కాలమ్ అయితే సరిగ్గా ఇస్తుంది.

మినీపేజ్ అన్నాను కాబట్టి, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టేటప్పుడు జరిగే రెండు పొరపాట్లు చెప్పాలి. సగం వెడల్పు మినీపేజ్ తీసుకుని లోపల మళ్లీ 0.5 లైన్‌విడ్త్ ఇస్తారు, బొమ్మ పేజీలో పావు వంతుకు కుంచించుకుపోతుంది. లోపల నిండు లైన్‌విడ్త్ ఇవ్వాలి, ఎందుకంటే సగం చేసే పని మినీపేజ్ ముందే చేసేసింది. రెండోది, సరిగ్గా 0.5, 0.5 ఇచ్చినా రెండో బొమ్మ కిందికి దిగిపోవడం. మొదటి మినీపేజ్ ముగిసిన లైను చివర ఎంటర్ కొట్టారు కదా, లేటెక్‌కి అది ఒక ఖాళీ. సగం, సగం, మధ్యలో ఆ ఖాళీ కలిస్తే లైను నిండిపోయి పొంగుతుంది. లైను చివర పర్సంట్ గుర్తు పెట్టండి, లేదా 0.48 ఇచ్చుకుని మధ్యలో మిగిలిన చోటును ఖాళీతో నింపే హెచ్‌ఫిల్ వేయండి. నేను 0.48 మనిషిని.

మూడోది, మీ లోగో. నాకు ఇష్టమైన జబ్బు ఇదే, ఎందుకంటే ఒకప్పుడు నా నిద్ర చెడగొట్టింది. ఒక స్నేహితుడి థీసిస్ సమర్పించే ముందు రోజు రాత్రి కవర్ పేజీలో చిన్నగా ఉండాల్సిన ముద్ర పేజీని ఆక్రమించేసింది. ఎవరూ కవర్ పేజీని ముట్టుకోలేదు. ఇద్దరం స్కేల్‌ని 0.2 నుంచి 0.05 వరకు తగ్గించాం, ఒక్క పాయింటు కదల్లేదు. తెల్లారుజామున గానీ తట్టలేదు, ఆ సాయంత్రమే స్వీవ్ స్టైల్ ఫైల్ కలిపామని.

ఇంక్లూడ్‌గ్రాఫిక్స్‌ని ఇచ్చే గ్రాఫిక్స్ఎక్స్ ప్యాకేజీలో బొమ్మలన్నిటికీ ఒకేసారి డిఫాల్ట్ పెట్టే దారి ఒకటుంది, సెట్‌కీస్ అనే కమాండ్‌కి జిన్ అనే కుటుంబం పేరు ఇచ్చి విడ్త్ ఎంతో చెబుతారు. స్వీవ్ స్టైల్ ఫైల్ చేసేది అదే, ప్రతి బొమ్మ వెడల్పూ 0.8 టెక్స్ట్‌విడ్త్ అని పెట్టేస్తుంది. ఆర్ గీసే గ్రాఫ్‌లకు అది బాగుంటుంది. కానీ డాక్యుమెంట్‌లో వెడల్పు చెప్పని ప్రతి బొమ్మకూ వర్తిస్తుంది, లోగోతో సహా. వెడల్పు ఒకటి నిర్ణయమై ఉంటే స్కేల్‌ని అసలు పట్టించుకోదు. కాబట్టి ఇదొక గుర్తుగా పెట్టుకోండి, స్కేల్ ఎంత మార్చినా బొమ్మ చలించకపోతే ఎవరో జిన్‌కి డిఫాల్ట్ పెట్టారు. క్లాస్ ఫైల్లో, స్టైల్ ఫైళ్లలో సెట్‌కీస్ అని వెతకండి, దొంగ దొరుకుతాడు.

స్వీవ్‌కి అయితే యూజ్‌ప్యాకేజ్ దగ్గర నోజిన్ అనే ఆప్షన్ ఇస్తే ఆ డిఫాల్ట్ పెట్టడం మానేస్తుంది. అలా చేస్తే ఆర్ గ్రాఫ్‌లన్నీ సొంత సైజులోకి వెళ్తాయి, అది మీకు ఇష్టం లేకపోతే నోజిన్ జోలికి పోకుండా లోగోకి మాత్రం స్కేల్ తీసేసి విడ్త్ 3 సెంటీమీటర్లు అని రాయండి. ఇంక్లూడ్‌గ్రాఫిక్స్ దగ్గర స్వయంగా రాసిన విడ్త్ డిఫాల్ట్‌ని కొట్టేస్తుంది. మీ విషయంలో ఇదే చేయమంటాను. లోగోకి ఎప్పుడైనా సెంటీమీటర్ల లెక్కే నయం.

ఫైళ్లను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే ప్యాండాక్‌తో, మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో రాసే టెక్స్ట్) నుంచి పీడీఎఫ్ తీసేవాళ్లకూ ఇదే కథ. దాని డిఫాల్ట్ టెంప్లేట్ ఉద్దేశం మంచిదే, బొమ్మ లైను కంటే పెద్దదైతే కుదించు, చిన్నదైతే వదిలేయ్ అని. ఎప్పుడో ఎవరో ఆ టెంప్లేట్‌ని కాపీ చేసి తమకు కావాల్సినట్టు మార్చుకుంటారు, ప్యాండాక్ అప్‌డేట్ అవుతుంది, ఒకరోజు "ప్యాండాక్‌బౌండెడ్ అన్‌డిఫైన్డ్" అని ఎర్రర్ వస్తుంది. కొత్త వెర్షన్లు బొమ్మను ఆ కమాండ్‌లో చుట్టి పంపుతాయి, దాని నిర్వచనం కొత్త డిఫాల్ట్ టెంప్లేట్‌లో ఉంటుంది, మీ పాత కాపీలో ఉండదు. ప్యాండాక్‌తో కొత్త డిఫాల్ట్ టెంప్లేట్‌ని స్క్రీన్ మీద రాయించుకుని ఆ ముక్క తెచ్చి అతికించుకుంటే సరి. ప్యాండాక్ వాడకుండానే "పెద్దదైతేనే కుదించు" కావాలంటే, అడ్జస్ట్‌బాక్స్ ప్యాకేజీని ఎక్స్‌పోర్ట్ ఆప్షన్‌తో పిలవండి. అప్పుడు ఇంక్లూడ్‌గ్రాఫిక్స్‌లో మ్యాక్స్ విడ్త్ అని రాసుకోవచ్చు. చిన్న ఐకాన్లను సాగదీసి మసక చేయకుండా ఉంటుంది.

కొందరికి ఇవేవీ కాకుండా బొమ్మ చిన్నదిగా వస్తుంది, చుట్టూ బోలెడు తెల్లటి ఖాళీ. విడ్త్ లైన్‌విడ్త్ ఇచ్చినా లోపలి గీతలు మాత్రం బుజ్జిగా ఉంటాయి. అప్పుడు తప్పు లేటెక్‌ది కాదు, పీడీఎఫ్‌ది. పవర్‌పాయింట్‌లో గీసి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే స్లయిడ్ మొత్తం బొమ్మ అవుతుంది, మూలన ఉన్న డబ్బాలు మాత్రమే మీకు కావాల్సినవి. పీడీఎఫ్‌క్రాప్ అనే చిన్న పనిముట్టు, లేటెక్‌ని కంప్యూటర్‌లో పెట్టే టెక్ లైవ్‌తోపాటే వస్తుంది, ఆ ఫైల్ మీద ఒకసారి నడపండి. ట్రిమ్, క్లిప్ ఆప్షన్లతో లేటెక్‌లోనే కత్తిరించొచ్చు, వరుస ఎడమ, కింద, కుడి, పైన. ఈ కొలతలు బొమ్మ అసలు సైజులో ఇవ్వాలి, కుదించాక కనిపించే సైజులో కాదు. క్లిప్ మర్చిపోతే కత్తిరించిన భాగం పక్కనున్న అక్షరాల మీద పరుచుకుంటుంది.

ఫోన్‌తో తీసిన ల్యాబ్ ఫొటోలు అడ్డంగా పడుకుని వస్తే, ఫోన్ ఫొటోని తిప్పకుండా "ఇది తిప్పి చూడు" అని ఎగ్జిఫ్‌లో (ఫొటో ఫైల్లో దాగి ఉండే సమాచారం) ఒక చీటీ మాత్రం రాసి పెట్టిందన్నమాట. పీడీఎఫ్‌లేటెక్ ఆ చీటీ చదవదు. ఏదైనా ఫొటో ఎడిటర్‌లో తెరిచి నిజంగా తిప్పి సేవ్ చేయండి. యాంగిల్ 90తో నెట్టుకొస్తానంటే వరుస గుర్తుంచుకోండి, ఆప్షన్లను ఎడమ నుంచి కుడికి అమలు చేస్తుంది. ముందు యాంగిల్, తర్వాత విడ్త్ ఇస్తే తిప్పాక వచ్చిన వెడల్పు మీరు చెప్పినది. ముందు విడ్త్ ఇచ్చి తర్వాత తిప్పితే మీరు చెప్పిన వెడల్పు ఎత్తుగా మారి పేజీ కిందికి పోతుంది.

బొమ్మ పొడుగ్గా ఉండి "ఫ్లోట్ టూ లార్జ్ ఫర్ పేజ్" అంటే విడ్త్‌తోపాటు హైట్ 0.8 టెక్స్ట్‌హైట్ ఇచ్చి కీప్‌ఆస్పెక్ట్‌రేషియో కలపండి. ఆ మూడోది లేకుండా మొదటి రెండూ ఇస్తే బొమ్మ సాగుతుంది, వృత్తాలు కోడిగుడ్లవుతాయి. 0.8 ఎందుకంటే కింద క్యాప్షన్‌కి చోటు కావాలి. బొమ్మల బదులు ఫైల్ పేరుతో ఖాళీ డబ్బాలు కనిపిస్తుంటే డ్రాఫ్ట్ ఆప్షన్ ఎక్కడో ఉంది, బ్రౌజర్‌లో లేటెక్ రాసే ఓవర్‌లీఫ్‌లో అయితే ఫాస్ట్ కంపైల్ మోడ్‌లో ఉన్నారేమో చూసుకోండి.

ఇక మీరు అడగలేదు గానీ రేపు రివ్యూయర్ అడిగేది. సైజు కుదిరింది సరే, అక్షరాల మాటేంటి? 6.4 అంగుళాల గ్రాఫ్‌లో యాక్సిస్ అక్షరాలు మ్యాట్‌ప్లాట్‌లిబ్ డిఫాల్ట్ ప్రకారం 10 పాయింట్లు. దాన్ని మూడున్నర అంగుళాల కాలమ్‌లో ఇరికిస్తే 5.5 పాయింట్లు అవుతాయి. భూతద్దం కావాలి. దీనికి లేటెక్‌లో మందు లేదు, గీసే చోటే సరిచేయాలి. కాలమ్ 252 పాయింట్లు కదా, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫిగ్‌సైజ్ 3.5, 2.5 అంగుళాలు అని పెట్టండి, అక్షరాలు 8 పాయింట్లు పెట్టండి, పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. అప్పుడు లేటెక్ కుదించాల్సిన అవసరమే ఉండదు. థీసిస్‌కి అదే స్క్రిప్టును 5.77తో ఇంకోసారి నడపండి, రెండు ఫోల్డర్లు పెట్టుకోండి. కాస్త పనే గానీ ఒక్క లూపుతో అయిపోతుంది.

ఇందులో ఒక గుంట ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. గ్రాఫ్‌ని సేవ్ చేసే సేవ్‌ఫిగ్‌లో బీబాక్స్ ఇంచెస్ టైట్ అని అందరం అలవాటుగా రాస్తాం. అది చుట్టూ ఖాళీని కత్తిరిస్తుంది, లేదా బయటికి పోయిన లేబుల్ కోసం పెంచుతుంది, ఎలాగైనా మీరు చెప్పిన 3.5 అంగుళాలు 3.5గా మిగలవు. ఒక గ్రాఫ్ 3.3, ఇంకొకటి 3.6 వస్తాయి. లేటెక్ రెండింటినీ లైన్‌విడ్త్‌కి సాగదీస్తుంది, పక్కపక్క గ్రాఫ్‌ల్లో అక్షరాలు హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి. టైట్ తీసేసి కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ వాడండి, లేబుల్స్ లోపలే సర్దుకుంటాయి, సైజు మారదు. స్క్రీన్‌షాట్ లాంటి పిక్సెల్ బొమ్మ తప్పదంటే, కాలమ్ 3.5 అంగుళాలకి 300 చొప్పున 1050 పిక్సెల్స్ ఉండేలా చూసుకోండి చాలు. 4000 పిక్సెల్స్ పెడితే పేపర్ అందంగా ఏమీ అవదు, ఫైల్ మాత్రం అప్‌లోడ్ పరిమితి దాటుతుంది.

టెంప్లేట్ రాసినవాళ్ల తప్పు కూడా ఒకటి చెప్పి ముగిస్తాను, యూనివర్సిటీ టెంప్లేట్లలో ఇది కనిపిస్తూ ఉంటుంది. క్లాస్ ఫైల్లో మొదటే ఫిగ్‌విడ్త్ అని ఒక కొలత తయారుచేసి 0.8 టెక్స్ట్‌విడ్త్ అని అప్పగిస్తారు, మార్జిన్లు మార్చే జామెట్రీ ప్యాకేజీ ఆ తర్వాత వస్తుంది. సెట్‌లెంగ్త్ ఆ క్షణంలో ఉన్న అంకెనే పట్టుకుంటుంది, తర్వాత టెక్స్ట్‌విడ్త్ మారినా ఫిగ్‌విడ్త్‌కి తెలియదు. మీ థీసిస్‌లో లైన్‌విడ్త్ పెట్టాక కూడా ఏదైనా బొమ్మ వింతగా ఉంటే ఆ లైను జామెట్రీ కిందికి జరపండి, లేదా బిగిన్ డాక్యుమెంట్ దాటాక ఆ కొలతను "ద"తో రాయించి చూడండి.

అన్నీ సరిచేసి ప్రింట్‌కి వెళ్లినప్పుడు షాపతనికి ఒక్క మాట గట్టిగా చెప్పండి, "యాక్చువల్ సైజ్" పెట్టమని. ఫిట్ టు పేజ్ ఉంటే ఆ ప్రింటర్ మొత్తం పేజీని కాస్త కుదించి అచ్చేస్తుంది. పైన చెప్పిన స్నేహితుడు లోగో సమస్య గట్టెక్కి, నాలుగు కాపీలు బైండింగ్ చేయించి తీసుకెళ్తే, ఆఫీసులో స్కేలు పెట్టి ఎడమ మార్జిన్ కొలిచి వెనక్కి పంపారు. పీడీఎఫ్‌లో సరిగ్గా ఒకటిన్నర అంగుళం ఉంది.